కారు తాగిన మంచినీళ్లు

మొన్న మా అల్లుడి కారు షెడ్డులో పెట్టినప్పుడు మెకానిక్ ఒక మాట అడిగాడు. "టైమింగ్ బెల్టు ఎలాగూ విప్పుతున్నాం. వాటర్ పంపు కూడా మార్చేయమంటారా? ఇప్పటికైతే బాగానే ఉంది. మీ ఇష్టం."

అల్లుడు గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. పెద్ద చదువులు చదివినవాడు, ఆలోచించకుండా దేనికీ ఊ అనడు. నేను అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, నాకు ఆలోచన అక్కర్లేదు. "మార్చెయ్యి నాయనా" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఇద్దరూ నావైపు తిరిగి చూశారు.

"మీకెట్లా తెలుసు మామయ్యా?" అన్నాడు అల్లుడు.

ఏదో వేళాకోళం ఆడి తప్పించుకున్నాను. ఆ విద్య నాకు బాగా వచ్చు. అసలు గొడవంతా ఆ విద్య వల్లనే వచ్చింది.

అరవైల మొదట్లో నెల్లూరులో నేనొక ఆసామి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. అయ్య అనేవాణ్ణి ఆయన్ని. కొడవలూరు వైపు ఆయనకు మాగాణి ఉండేది, ముత్తుకూరు అవతల సముద్రపు పాయ పక్కన ఉప్పు మడులుండేవి. వారంలో అయిదారు రోజులు కారు వరిచేల చుట్టూ తిరిగేది. శనివారం మాత్రం ఉప్పు మడులకు పోయేది. కారు పాత ఇంగ్లీషు బండి. దాన్ని నడపడం కన్నా బుజ్జగించడం ఎక్కువ.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచిపెట్టే ఓపిక నాకు లేదు. ఆ ఏడు ఎండాకాలం నేను మార్చాల్సిన నీళ్ల పంపు మార్చలేదు. అందువల్ల మా కారు వారం వారం ఒక ముసలామె తాగాల్సిన మంచినీళ్లు తాగింది. ఆమెకు కాళ్లు వాచే జబ్బు, ఉప్పునీళ్లు తాగకూడదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలని చూడలేదు కూడా. కాబట్టి ఆ తెలియకపోవడాన్ని నా పక్షాన ఎక్కువగా లెక్కవెయ్యకండి.

మొదలైంది మేస్త్రి షెడ్డులో. ఆయన మద్రాసులో పని నేర్చుకుని వచ్చిన మనిషి. చేతులు ఎక్కువ పని చేసేవి, నోరు తక్కువ. అట్లాంటి మనిషి పక్కన నాలాంటివాడు నిలబడితే జనం ఎవరివైపు ఉంటారో మీకు తెలుసు. షెడ్డు ముందే టీ అంగడి. కారు బానెట్ ఎత్తితే చాలు, గ్లాసులు పట్టుకుని నలుగురు చుట్టూ చేరేవాళ్లు. నేనుంటే ఎనిమిదిమంది.

ఆ రోజుల్లో కార్లకు ముందువైపు ఒకటే బెల్టు. అదే ఫ్యానును తిప్పేది, నీళ్ల పంపును తిప్పేది, డైనమోను తిప్పేది. ఉమ్మడి కాపురంలో పెద్దకోడలి బతుకు దానిది. మా బెల్టు లోపలి వైపు ఎండిన వరిమడిలాగా నెర్రెలిచ్చింది. మేస్త్రి దాన్ని విప్పి అవతల పడేశాడు. కొత్తది వేసే ముందు ఫ్యాను రెక్కలు రెండూ రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు.

"పంపు ఆడతావుంది" అన్నాడు. "బేరింగు పోతావుంది. మద్రాసుకు రాస్తా, వారానికి కొత్త పంపు వస్తాది. బెల్టూ పంపూ ఒకేతూరి వేస్తా."

"వారం రోజులు కారు నీకిచ్చి నేనేం చెయ్యాల మేస్త్రీ, నీ టీ గ్లాసులు కడగాల్నా?"

ఆయన నవ్వలేదు. పాత బెల్టునే మళ్లీ తగిలించి ఇంజను నడిపించాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను పంపు మీద ఆనించి, కర్రపిడిని చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విని నా చేతికిచ్చాడు. "ఇను."

విన్నాను. అన్నంలో ఇసక పడితే నమిలినప్పుడు వచ్చే చప్పుడు. సన్నగా, ఆగకుండా. నాకు స్పష్టంగా వినబడింది. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నాకు వినబడింది.

కానీ చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు, నా మొహంలోకే చూస్తున్నారు.

"మేస్త్రీ, ఆ చప్పుడు పంపుది కాదు. నీ చెవిలోది. నీ చెవి బేరింగు పోయింది. మద్రాసుకు రాసేటప్పుడు నీ సైజుకొక చెవి తెప్పించుకో."

ఒకాయన నోట్లో టీ పక్కవాడి చొక్కా మీద పడింది. అంత బాగా పేలింది. ఆ తర్వాత ఒక నెల దాకా టీ అంగడికి వచ్చిన ప్రతివాడూ "ఏం మేస్త్రీ, చెవి వచ్చినట్టేనా?" అని అడిగేవాడు. అన్నది ఒకసారే, కానీ నేను దానికి కట్టుబడిపోయాను. మళ్లీ పోయి "మేస్త్రీ, పంపు మార్చు" అంటే ఆ నవ్విన వాళ్లంతా ఈసారి నావైపు తిరిగి నవ్వుతారు. నవ్వించడం తప్ప నవ్వులపాలు కావడం నేను నేర్చుకోలేదు.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుని కొత్త బెల్టు బిగించాడు. బిగించి నాకు మాత్రమే వినబడేట్టు చెప్పాడు.

"కొత్త బెల్టు బిగువుగా ఉంటాది. పాత బేరింగును గుంజుతాది. రెణ్ణెల్లు వస్తే ఎక్కువ. కారడం మొదలైతే నీళ్లు పోసుకుంటా తోలు. ఉప్పునీళ్లు మాత్రం పొయ్యబాక. లోపలంతా తినేస్తాది."

సాయంత్రం అయ్య అడిగాడు. "ఏమన్నాడు మేస్త్రి?"

"బెల్టు మార్చినాడయ్యా. పంపు గూడా మార్చాలంటాడు. వాళ్లకదే పని గదా, ఒక బోల్టు చూపిస్తే బండంతా విప్పుతారు."

"నువ్వేమంటావు?"

"కోతలదాకా ఢోకా లేదయ్యా."

"సరే. నీకు తెలీందా" అన్నాడు అయ్య.

ఆ మాట ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే నమ్మి అన్నాడు. తిట్టు తిన్నా అంత రోజులు గుర్తుండేది కాదు.

నెలన్నర తర్వాత కారడం మొదలైంది. ఒక శనివారం పదకొండు గంటల వేళ, ముత్తుకూరు దాటి మట్టిరోడ్డు మీద పోతుంటే వేడి ముల్లు పైకి ఎగబాకింది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. ఆపాను. ఎడమవైపు ఊరు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది. కుడివైపు, రోడ్డుకు దగ్గరగా పది పన్నెండు తాటాకు ఇళ్లు, వాటి మధ్య సున్నం కొట్టిన సిలువ ఉన్న పూరి చర్చి. ఊరికి అంత దూరంగా ఆ ఇళ్లు ఎందుకున్నాయో ఆ రోజుల్లో ఎవరూ వివరించాల్సిన పని లేదు. వాళ్ల చేతి నీళ్లు మావాళ్లు తాగరు. నేనూ తాగేవాణ్ణి కాదు. ఎందుకు తాగవని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

మొదటి ఇంటి ముందు పందిరి కింద ఒకామె తాటాకు చీలుస్తా కూర్చుని ఉంది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. నేను అటు నడవబోతుంటే కారులోంచి అయ్య అన్నాడు. "ఈడ నీళ్లడుగుతావేందిరా?"

"మనకు కాదయ్యా. కారుకు."

"కారుకైతే సరే."

ఆమె దగ్గరికి పోయి, "అక్కా, కాసిన్ని నీళ్లు పొయ్యి. మా దొరసానికి దప్పికైంది" అన్నాను.

ఆమె లేచి కారు వైపు తొంగి చూసింది. లోపల ఆడమనిషి కనబడలేదు. "ఎవురికయ్యా?"

"ఇంకెవరికి, ఈ కారుకే."

ఆమెకు నవ్వొచ్చింది. చూరు కింద ఉన్న కుండలో చెంబు ముంచబోయింది. నాకు మేస్త్రి మాట గుర్తొచ్చింది. "అవి ఏం నీళ్లక్కా?"

"దొరువు నీళ్లయ్యా. ఇసకలో గుంట తీసుకున్నాం."

"ఉప్పగా ఉంటాయా?"

"ఉప్పే గదా ఈడ."

"ఉప్పు దానికి పడదక్కా. మంచినీళ్లేమన్నా ఉంటే చూడు."

ఆమె చెంబు పట్టుకుని అట్లానే నిలబడింది. ఇంట్లోకి చూసింది. లోపల ఎవరో దగ్గారు. ఒకసారి కారులో ఉన్న అయ్య వైపు చూసింది. ఆమె మగడు ఆయన మడుల్లోనే ఉప్పు గీసే పని చేస్తాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత లోపలికి పోయి మూత మీద గుడ్డ కట్టిన కుండ తెచ్చింది. ఆ నిలబడటం నేను చూశాను. చూసి, ఈమె పొదుపైన మనిషి అనుకున్నాను.

ఆ రోజు కారు మూడు చెంబులు తాగింది.

తర్వాతి శనివారం మళ్లీ ఆగింది. ఆ పై శనివారం కూడా. నేను ఆమెను అక్కా అంటుంటే మూడో వారానికి ఆమె కూడా అయ్యా మాని అన్నా అనడం మొదలుపెట్టింది. నాలుగో వారానికి మేం పోయేసరికే కుండ పందిరి కిందికి వచ్చి ఉండేది. మా కారు వస్తోందని ముందుగా ఆమెకు ఎట్లా తెలుస్తుందా అని నేను ఆశ్చర్యపడలేదు. పెద్దమనుషుల కారు, అందరూ కనిపెట్టుకుని ఉంటారులే అనుకున్నాను.

"మీ దొరసానికి ఈ వారం దప్పిక ఎక్కువైనట్టుందే అన్నా" అంది ఒకసారి, నాలుగో చెంబు పోస్తా.

"వయసొచ్చింది గదక్కా. పైగా పుట్టింటోళ్లు దూరం."

ఆమె నవ్వింది. లోపల్నించి ముసలి గొంతు కూడా నవ్వింది. దాంతో నాకు ఆ ఇంటి దగ్గర ఆగడమే సరదా అయింది. నా మాటకు ఎదురుచూసే ఇల్లు ఇంకొకటి దొరికిందనుకున్నాను.

ఇంటికి రాగానే ప్రతి శనివారం సాయంత్రం ఫ్యాను రెక్కలు పట్టుకుని ఊపి చూసేవాణ్ణి. ఆ ఊగులాట వారం వారం కొంచెం పెరుగుతోంది. మొదట బియ్యపు గింజంత, తర్వాత పెసరగింజంత. వచ్చే వారం మార్పిద్దాం అనుకునేవాణ్ణి. వచ్చే వారం ఆ అక్క ఇంకొక చెంబు ఎక్కువ పోసేది, బండి నడిచేది. పంపు ఎంత చెడిందో చూసుకోవాల్సినవాణ్ణి, ఆమె కుండలో ఇంకా ఎంత ఉందో చూసుకుంటూ కాలం గడిపాను. అది ఉన్నంతకాలం పంపుకు తొందర లేదు.

అందరికీ తోచే ప్రశ్న ఒకటుంది, మీకూ తోచే ఉంటుంది. నెల్లూరులోనే డబ్బానిండా నీళ్లు పట్టుకుని డిక్కీలో పెట్టుకుంటే సరిపోయేది కదా? సరిపోయేది. కానీ డిక్కీ తెరిస్తే అయ్యకు నీళ్ల డబ్బా కనబడుతుంది. మేస్త్రి షెడ్డు ఎదుటి కొళాయి దగ్గర పట్టుకుంటే మేస్త్రికి కనబడుతుంది. ఆ డబ్బా నాకు ఎదురు సాక్ష్యం చెప్పేది. అందుకని అది ఇంట్లోనే ఉంది, ఆ అక్క కుండ రోడ్డు మీదికి వచ్చింది.

మేస్త్రి ఒకసారి బజారులో ఎదురయ్యాడు. "ఎట్టుంది పంపు?"

"నీకన్నా తక్కువ తాగతావుంది మేస్త్రీ."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన నా మొహం చూసి తన దారిన పోయాడు.

రోహిణి కార్తెలో ఒక శనివారం పంపు సంగతి తేలిపోయింది. ఆ రోజు కారు కుండలో ఉన్న నీళ్లన్నీ తాగేసింది. అక్క కుండను వంచి అడుగు చుక్క దాకా పోసింది. నేను బానెట్ మూసి బండి కదిలించాను. యాభై గజాలు పోయామో లేదో, ముందు వైపు నుంచి రంపం పెట్టి రేకు కోస్తున్నట్టు పెద్ద చప్పుడు. బేరింగు విరిగి ఫ్యాను ముందుకు పడి రేడియేటరును చీల్చేసింది. నేను దిగేసరికి నీళ్లు రోడ్డు మీద దుమ్ములో పారుతున్నాయి. ఆవిరి కక్కుకుంటూ పోయి గుంటలో చేరి, నా కళ్లముందే ఇంకిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆ అక్క ఖాళీ కుండ చంకన పెట్టుకుని పందిరి కింద నిలబడి అటే చూస్తోంది.

ఉప్పు మడులకు పోయే ఎద్దుబండి ఒకటి వస్తే అయ్య అందులో ఎక్కాడు. సాయంత్రం ఉప్పు లారీ వస్తుందని, కారును దానికి కట్టి నెల్లూరికి తెమ్మని చెప్పి పోయాడు. నేను కాసేపు కారు పక్కనే నిలబడ్డాను. ఆ దారిలో ఇంకెక్కడా నీడ లేదు. నాలుక అంగిలికి అంటుకుపోయింది. నడిచి పందిరి కిందికి పోయాను.

"నాకు కాసిన్ని నీళ్లియ్యక్కా."

"మీకా?"

"నాకే."

ఆమె రోడ్డుకు అటూ ఇటూ చూసింది. అడగబోయే ముందు నేనూ అట్లానే చూశాను. అది కూడా ఒప్పుకోవాలి. ఎవరూ లేరు. ఆమె చెంబు బూడిద పెట్టి తోమి, కడిగి, నిండా తెచ్చి అరుగు మీద పెట్టింది. చేతికివ్వలేదు. నేను ఎత్తి తాగాను. రెండు గుక్కలకే గొంతు మూసుకుపోయింది. ఉప్పు.

"ఏందక్కా, కారుకు తీపి, నాకు ఉప్పా? దానికన్నా లోకువైపోయినానా?"

"మంచినీళ్లు అయిపోయినాయన్నా. ఇందాకే పోసేస్తిని గదా."

లోపల్నించి ముసలి గొంతు అందుకుంది. "శనివారం వస్తే మాకివే గదా నాయనా. మళ్లా సోమారం దాకా ఇవే."

"ఊరుకో అత్తా" అంది అక్క.

"ఏం, నేనేమన్నా దెబ్బలాడినానా? ఉన్నమాట చెప్తుండా."

గుమ్మంలోంచి చూశాను. ముసలామె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి, వేళ్లు కనబడకుండా ఉన్నాయి. ఇన్ని వారాలు నా మాటలకు నవ్విన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

"మిషన్ ఆసుపత్రిలో ఉప్పు ముట్టబాక అన్నారు నాయనా" అంది ఆమె. "కూరలో మానేసినా. నీళ్లలోనే ఉంటే ఏం జేసేది. నీ కారుకు మాదిరే నాక్కూడా ఉప్పు పడదు."

వాన పడలేదనో ఎండ ఎక్కువైందనో చెప్పినట్టు చెప్పింది. నిష్ఠూరం లేదు. ఉంటే ఏదో ఒకటి అని నవ్వించి బయటపడేవాణ్ణి.

"మంచినీళ్లు యాడ తెస్తారక్కా?"

"ఊరిబావిలోనన్నా. మేం చేద వెయ్యకూడదు గదా. గట్టుకు అవతల కుండ పెట్టుకుని కూచోవాల. నీళ్లకొచ్చినోళ్లు ఎవరన్నా దయతలిస్తే పోస్తారు. ఒకరోజు పొద్దున్నే దొరకతాయి, ఒకరోజు మధ్యాన్నం దాకా కూచున్నా దొరకవు. సోమారం, గురువారం పోతా."

"నాకు లేవని ఎందుకు చెప్పలేదు మరి?"

"దప్పిక అంటిరి గదన్నా" అంది. రోడ్డు మీద కారు వైపు చూసి, "మా ఆయన మీ అయ్య మడుల్లోనే గదా ఉండేది" అంది.

చెంబులో మిగిలిన నీళ్లు తాగాను. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. మెచ్చుకోదగ్గ పని అనుకోకండి. ఎండలో అంతకన్నా వేరే దారి లేదు.

డిక్కీలో ఒక పాత కిరసనాయిలు డబ్బా ఉంది, ఇంజను తుడిచే గుడ్డలు పెట్టుకునేది. దాన్ని ఇసకా బూడిదా వేసి నాలుగుసార్లు తోమాను. ఊరి వైపు నడిచాను. బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, ఒక పెద్దాయన ఉన్నారు.

"ఎవరికబ్బా నీళ్లు?" అన్నాడు పెద్దాయన.

నిజం చెప్పొచ్చు. చెబితే డబ్బా నింపనిచ్చేవాళ్లో లేదో తెలియదు. నింపనిచ్చే వాళ్లేమో కూడా. అడిగి చూడలేదు. "కారుకు పెద్దయ్యా" అన్నాను.

"అయ్యో, రోడ్డు మీద ఆగిపోయిందే, అదేనా? పాపం" అని ఆయనే చేద వేసి నా డబ్బా నింపాడు. "నువ్వు గూడా తాగబ్బా, మొహం వాడిపోయింది" అని నా దోసిట్లో పోశాడు. తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. అవతల గట్టు కింద రెండు ఖాళీ కుండలు, వాటి పక్కన ఎవరో ఒకామె కొంగు నెత్తిన వేసుకుని కూర్చుని ఉంది. అడక్కుండానే నాకు దోసిట్లో పోసిన ఆ చెయ్యి మళ్లీ చేద వెయ్యలేదు. నేను డబ్బా ఎత్తుకుని ఆమె ముందునుంచే వచ్చేశాను.

ముసలామె రెండు చెంబులు తాగింది. మూతి తుడుచుకుని, "కిరసనాయిలు వాసనొస్తా ఉండాయి. రేపట్నించి నేను గూడా బుర్రుమంటానేమో" అంది. కోడలు పక్కకు తిరిగి నవ్వింది. నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు.

కారును లారీకి కట్టి షెడ్డుకు తెచ్చినప్పుడు టీ గ్లాసులతో అందరూ వచ్చారు. మేస్త్రి పంపు విప్పి, విరిగిన బేరింగు తీసి నా అరచేతిలో పెట్టాడు. అందరూ నావైపు చూశారు, ఏమంటానో అని. మేస్త్రి మాత్రం చూడలేదు. "వారం పడతాది" అని పనిలోకి పోయాడు. చెవి సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది.

"కోతలదాకా ఢోకా లేదంటివే" అన్నాడు అయ్య.

"యంత్రం గదయ్యా. ఉన్నట్టుండి పోయింది."

ఆయన అదీ నమ్మాడు.

కొత్త పంపు వచ్చింది. ఇసక నమిలే చప్పుడు పోయింది. చుక్క కారలేదు. తర్వాతి శనివారం నేను డబ్బానిండా పెన్నానీళ్లు పట్టి డిక్కీలో పెట్టాను. మూడు నెలలు పెట్టని డబ్బా, అక్కర తీరాక పెట్టాను. అయ్య గొడుగు కోసం డిక్కీ తెరిచి చూశాడు.

"ఈ నీళ్లెందుకురా? కొత్త పంపు వేసినారు గదా."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. దారిలో ఒక ముసలామె ఉందయ్యా, ఆమె నీళ్లు మనం తాగేశాం, అంటే అయిపోయేది. ఆయన మరీ కఠినుడేం కాదు. ఆ ఇంటి ముందు కారు ఆపొద్దంటాడేమో అని ఒక భయం. ఆమె మగడి పనికి ఏమన్నా వస్తుందేమో అని ఇంకొక భయం. పంపు ఉన్నట్టుండి పోలేదని, నాకు ముందే తెలుసునని బయటపడుతుందని మూడో భయం. మొదటి రెండూ మూడోదాని ముందు నిలబెట్టుకున్న తడికలు.

"కొత్తదే గానీ నమ్మడానికి లేదయ్యా" అన్నాను.

ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఆ పందిరి ముందు ఆపేవాణ్ణి. దిగి బానెట్ ఎత్తేవాణ్ణి. ఎత్తిన బానెట్ చాటున అక్క తన కుండ తెచ్చేది, నేను డబ్బా వంచేవాణ్ణి. లోపల కూర్చున్న అయ్యకు నీళ్ల చప్పుడు వినబడేది. కారు తాగుతోందనుకునేవాడు. బానెట్ మూసి బయల్దేరేవాళ్లం. మంచి ఏర్పాటు చేశానని రెండు మూడు వారాలు నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆరో వారమో ఏడో వారమో, దారిలో అయ్య ఉన్నట్టుండి అన్నాడు. "ఆ మేస్త్రి పని బాలేదురా. కొత్త పంపు వేసినా వారం వారం డబ్బాడు నీళ్లు తాగతావుంది. వేరే షెడ్డు చూడు."

నేను స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తున్నాను. నోరు తెరవలేదు. నోరు తెరిచిన ప్రతిసారీ నవ్వించినవాణ్ణి, తెరవాల్సిన ఆ ఒక్కసారి మూసుకున్నాను. కారు ఇంకొక షెడ్డుకు మారింది. అయ్య చుట్టాల కార్లు రెండు కూడా, ఆయన చెప్పగా, దాని వెనకే పోయాయి. ఆ కొత్త పంపు కన్నా శ్రద్ధగా బిగించిన పంపును నేను మళ్లీ చూడలేదు.

ముసలామె ఆ ఏడు వానలకు పోయింది. కాళ్ల వాపు పొట్టదాకా వచ్చిందన్నారు. మూడు నెలల శనివారాలకు దానిలో ఎంత పాలుందో ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. డబ్బా మాత్రం ఆపలేదు. ఏడాది తర్వాత లారీ పని దొరికి, అయ్య దగ్గర మానేసేదాకా మోశాను. చివరి శనివారం బానెట్ చాటున నీళ్లు వంచుతా చెప్పాను. "వచ్చే వారం నుంచి వేరేవాడు వస్తాడక్కా. ఆగుతాడో లేదో."

"ఆగేదానికి ఏముందన్నా. పంపు ఎప్పుడో బాగైంది గదా."

"నీకెట్లా తెలుసు?"

"చప్పుడు లేదు గదా. అప్పుడు మీ కారు మలుపు కాడ ఉండంగానే ఇసక నమిలినట్టు వినబడేది. వారం వారం పెద్దదయ్యేది. అది వినంగానే కుండ తీసి బయట పెట్టేదాన్ని. ఇప్పుడు పందిరి ముందుకొచ్చేదాకా తెలవదు."

బానెట్ మూశాను. గొళ్లెం పడలేదు, రెండోసారి వెయ్యాల్సొచ్చింది.

నెల్లూరు వచ్చాక మేస్త్రి దగ్గరికి పోయి చెప్పాలనుకున్నాను. ఆ వారం కాదు, పై వారం అనుకున్నాను. ఎన్ని వారాలు అనుకున్నానో తెలియదు. ఒకరోజు ఆయనే బజారులో సైకిలు ఆపి కాలు కింద పెట్టాడు.

"నేను వేసిన పంపు ఎట్టుంది?"

"చుక్క కారలేదు మేస్త్రీ."

"మరి షెడ్డు ఎందుకు మార్చినారు?"

పక్కన జనం ఉన్నారు. నాలుక చివర రెండు వేళాకోళాలు సిద్ధంగా ఉన్నాయి, రెండూ పేలేవే. రెండూ మింగేశాను. వాటి వెనకే నిజం కూడా లోపలికి పోయింది.

"అయ్య ఇష్టం" అన్నాను.

ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. "ఏమన్నా అంటావనుకున్నా" అని, పెడలు మీద కాలు వేసి వెళ్లిపోయాడు.